ఫీడ్‌బ్యాక్‌లో 3.1 వచ్చింది, ఇక నేనూ నోట్స్ చెప్పి రాయించాలా?

ప్రశ్న: నమస్తే అండీ. హనుమకొండలో ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో బీకాం సెకండియర్ పిల్లలకు బిజినెస్ స్టాటిస్టిక్స్ చెప్తాను. నోట్స్ రాయించను. క్లాసులో లెక్కలు వాళ్లతోనే చేయిస్తాను, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి డేటా చేతికిచ్చి మాట్లాడుకోమంటాను. మొన్నటి సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్‌లో నాకు 5కి 3.1 వచ్చింది. 62 మందిలో 24 మంది ఫారం నింపారు. 5 ఇచ్చినవాళ్లు ఏడుగురు, 4 నలుగురు, 3 ఇద్దరు, 2 ఆరుగురు, 1 ఐదుగురు. మా డిపార్ట్‌మెంట్‌లోనే నోట్స్ రాయించే సార్‌కు 4.6. ప్రిన్సిపాల్ గారు పిలిచి "న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) వాళ్లు వస్తున్నారు, కొంచెం ఇంప్రూవ్ చేసుకోండి మేడం" అన్నారు. హెచ్‌ఓడీ సార్ సీఓ అటెయిన్‌మెంట్ షీట్ (కోర్సులో అనుకున్నవి పిల్లలకు ఎంతవరకు వచ్చాయో చూపే పట్టిక) నింపమన్నారు, అందులో మాత్రం నా సబ్జెక్టుకు 3కి 3 వస్తోంది! వచ్చే బీఓఎస్ (సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్) మీటింగ్‌లో సిలబస్ మార్పులు అడగొచ్చట. నేనూ డిక్టేషన్ మొదలుపెట్టాలా? కోర్సును మార్చాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. — పేరు వద్దు, హనుమకొండ

సమాధానం:

మేడం, ఈ అంకెను చూసి డిక్టేషన్ మొదలుపెట్టకండి. అట్లని ఆ ఫీడ్‌బ్యాక్‌ను పక్కన పడేయమనీ అనను, ఎందుకంటే అందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటి గట్టిగానే ఉంది, కాకపోతే అది 3.1 అనే అంకెలో లేదు, మీరు ఉత్తరంలో రాసిన ఆ ఐదు లెక్కల్లో ఉంది.

మీరు స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి, కాబట్టి మీ సబ్జెక్టు భాషలోనే మాట్లాడతాను. 24 మందిలో 3 ఇచ్చినవాళ్లు ఇద్దరే. 4, 5 ఇచ్చినవాళ్లు పదకొండు మంది, 1, 2 ఇచ్చినవాళ్లు కూడా సరిగ్గా పదకొండు మంది. అన్నిటికంటే ఎక్కువ మంది ఇచ్చిన మార్కు, అంటే బాహుళకం, 5! ఇట్లాంటి డేటాకు సగటు తీసి రిపోర్టులో పెడితే మీ స్టూడెంట్ పేపర్లో మీరే ఎర్ర పెన్నుతో గీత గీస్తారు. 3.1 అంటే "మేడం యావరేజ్‌గా చెప్తారు" అని పిల్లలు అన్నట్టు ప్రిన్సిపాల్ గారికి కనబడింది. కానీ పిల్లల్లో అట్లా అన్నవాళ్లు దాదాపు లేరు. సగం మందికి మీ క్లాసు చాలా నచ్చింది, సగం మందికి అస్సలు ఎక్కలేదు. మీ క్లాసులో రెండు క్లాసులు ఉన్నాయన్నమాట.

ఇంకో సంగతి, 38 మంది అసలు ఫారమే నింపలేదు. వాళ్లందరూ 5 ఇచ్చి ఉంటే మీ సగటు 4.3 దాకా పోయేది, అందరూ 1 ఇచ్చి ఉంటే 1.8కి పడిపోయేది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడుందో ఆ ఫారం చెప్పలేదు. ఫారం నింపినవాళ్లు సాధారణంగా బాగా ఇష్టపడినవాళ్లో, బాగా కోపం వచ్చినవాళ్లో అయి ఉంటారు. మధ్యలో ఉన్నవాడు పరకాల బస్సు అందుకోవాలని వెళ్లిపోతాడు. కాబట్టి మీ 3.1నూ ఆ సార్ 4.6నూ పక్కపక్కన పెట్టి చూసే ముందు, ఆయనకు ఎంతమంది నింపారు, ఏ రోజు నింపారు, ఆ మార్కులు ఎట్లా పంచుకుని ఉన్నాయి అన్నవి అడగండి. ఆయన మీద అనుమానంతో కాదు. రెండు అంకెలు పోల్చాలంటే అడగాల్సిన మొదటి ప్రశ్నలు అవే, మీరు రోజూ క్లాసులో చెప్పేవే.

ఇప్పుడు ఆ రెండు గుంపులు ఎవరు? నేను పందెం కాయను గానీ, మన దగ్గర బీకాం క్లాసు ఎట్లా తయారవుతుందో తెలుసు కాబట్టి మొదట చూడాల్సిన చోటు చెప్తాను. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు వచ్చి మీ క్లాసులో కూర్చున్న పిల్లల్లో కొందరు ఇంటర్‌లో ఎంఈసీ చేసి వచ్చినవాళ్లు, అంటే రెండేళ్లు మ్యాథ్స్ చదివినవాళ్లు. ఇంకొందరు సీఈసీ నుంచి వచ్చారు, వాళ్లు పదో తరగతి తర్వాత లెక్క ముఖం చూడలేదు. కొందరు ఒకేషనల్ నుంచి వస్తారు. దీని మీద మీడియం సమస్య. ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట వైపు నుంచి తెలుగు మీడియంలో ఇంటర్ చేసి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ పట్టుకున్న పిల్లలు ప్రతి సెక్షన్లో ఉంటారు. మీరు "డేటా చూసి మాట్లాడుకోండి" అన్నప్పుడు మొదటి గుంపుకు అది ఆట. రెండో గుంపుకు సిగ్మా గుర్తే ఏంటో తెలియదు, తెలియదని పక్కవాడి ముందు చెప్పుకోలేరు, అట్లా ముప్పావు గంట తల వంచుకుని కూర్చుంటారు. అట్లాంటి ఒక అమ్మాయి ఫారంలో 1 పెట్టిందంటే అది మీ మీద కోపం కాకపోవచ్చు, "నాకు మొదటి వారంలోనే దారి తప్పింది, ఎవరూ చూడలేదు" అని చెప్పడానికి ఆ ఫారంలో వేరే గడి లేకపోవచ్చు.

ఇది ఊహే. కానీ తేల్చుకోవడం తేలిక. అడ్మిషన్ రిజిస్టర్లో పిల్లల ఇంటర్ గ్రూపు ఉంటుంది. మీ ఇంటర్నల్ మార్కులను గ్రూపుల వారీగా రెండు కుప్పలు చేసి చూడండి, ఒక్క సాయంత్రం పని. తేడా పెద్దగా ఉంటే మీ సమస్య బోధన పద్ధతిలో కాదు, ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారు అన్నదాంట్లో ఉంది. తేడా లేకపోతే నా ఊహ తప్పు, అప్పుడు కారణం వేరే చోట వెతకాలి, దానికి ఏం చేయాలో కింద చెప్తాను.

ముందు ఆ ఫారం గురించి. చాలా కాలేజీల ఫారాల్లో ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, అవి కూడా ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవి. "టీచర్ బోధనా వ్యూహాలు ప్రభావవంతంగా ఉన్నాయా" అని అడిగితే పందొమ్మిదేళ్ల పిల్లవాడు ఏం చెప్పగలడు? "టీచర్‌కు సబ్జెక్టు మీద పట్టుందా" అన్న ప్రశ్నకూ అంతే, సబ్జెక్టు తెలియకే కదా వాడు క్లాసుకు వచ్చింది. సిలబస్ నేటి అవసరాలకు తగినట్టు ఉందా అన్నది కూడా వాడు ఉద్యోగంలో చేరాక అడగాల్సిన ప్రశ్న. పిల్లలు కచ్చితంగా, ఎవరికంటే బాగా చెప్పగలిగినవి వేరే ఉన్నాయి. వెనక బెంచీకి వినబడుతుందా, వేగం ఎక్కువగా ఉందా, పేపర్లు దిద్ది ఎన్నాళ్లకు ఇస్తున్నారు, డౌట్ అడిగితే చిరాకు పడతారా, చెప్పినదానికీ పరీక్షలో అడిగినదానికీ సంబంధం ఉందా, ఏ టాపిక్ దగ్గర ఆగిపోయారు. ఇవి వాళ్ల కళ్ల ముందు జరిగినవి. అడగాల్సినవి ఇవే.

పైగా ఫారం నింపించే సమయం. సెమిస్టర్ ఆఖర్న, హాల్‌టికెట్ల హడావిడిలో, కొన్ని చోట్ల ఫారం నింపితేనే హాల్‌టికెట్ అంటారు, అప్పుడు పిల్లలు ఫోన్ తీసి అన్నిటికీ ఒకే వరుసలో టిక్కులు కొట్టి పంపేస్తారు. గూగుల్ ఫారం అయితే మెయిల్ ఐడీ నమోదు కావచ్చని వాళ్లకు తెలుసు, ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో అంతకంటే బాగా తెలుసు. ఇక అన్నిటికంటే పెద్ద లోపం, ఆ సమయంలో ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ వల్ల ఇచ్చినవాడికి ఒక్క పైసా లాభం లేదు. వాడి కోర్సు అయిపోయింది. మంచైనా చెడైనా వచ్చే ఏడాది పిల్లలకే.

ఫీడ్‌బ్యాక్ మార్కులకూ పిల్లలు నిజంగా నేర్చుకున్నదానికీ ఎంత సంబంధం ఉందన్నది బయట బాగానే పరిశోధించారు. బాబ్ ఉట్ల్, మరో ఇద్దరు కలిసి 2017లో పాత అధ్యయనాలన్నీ తిరిగి లెక్క వేసి, చిన్న చిన్న అధ్యయనాల వల్ల వచ్చే వంకర తీసేస్తే ఆ సంబంధం దాదాపు సున్నా అని చూపించారు. 2010లో కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ డేటా తీసుకున్నారు. అక్కడ పిల్లలను సెక్షన్లకు లాటరీలాగా పంచుతారు, పరీక్ష అందరికీ ఒకటే, కాబట్టి పోలిక నమ్మదగ్గది. ఏ ప్రొఫెసర్ల దగ్గర పిల్లలకు ఆ కోర్సులో మార్కులు ఎక్కువ వచ్చాయో వాళ్లకు ఫీడ్‌బ్యాక్ కూడా బాగా వచ్చింది. కానీ దాని తర్వాతి కోర్సులకు వెళ్లాక ఆ పిల్లలే వెనకబడ్డారు. మీకు దగ్గరగా ఉండేది ఇంకోటి, 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో డెలారియే బృందం చేసింది. చక్కటి లెక్చర్ విన్న పిల్లలు తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు, తామే తంటాలు పడి లెక్కలు చేసిన పిల్లలు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు, టెస్టు పెడితే మాత్రం రెండోవాళ్లకే ఎక్కువ వచ్చింది. కష్టపడుతున్నప్పుడు "నాకు రావట్లేదు" అనిపిస్తుంది, నిజానికి నేర్చుకోవడం జరుగుతున్నది అప్పుడే.

ఇది చూసి "అయితే నేను చేసేది కరెక్టు, పిల్లలకే తెలియదు" అనుకోవద్దు మేడం. హార్వర్డ్ పిల్లలకు పునాది ఉంది. మీ సీఈసీ అమ్మాయికి పునాది లేకుండా తంటాలు పడమంటే అది నేర్చుకోవడం కాదు, నలిగిపోవడమే. అయితే ఆ అధ్యయనంలో ఇంకో భాగం మీరు రేపే వాడుకోవచ్చు. సెమిస్టర్ మొదట్లోనే టీచర్ ఒక ఇరవై నిమిషాలు తీసుకుని "నేను ఇట్లా ఎందుకు చెప్తాను, మీకు మొదట్లో కష్టంగా ఎందుకు అనిపిస్తుంది" అని ఆధారాలతో విడమర్చి చెప్తే, సెమిస్టర్ ఆఖరికి పిల్లలు ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. మీరు ఎప్పుడైనా చెప్పారా, ఎందుకు నోట్స్ రాయించరో? మన పిల్లలు ఇంటర్ దాకా నోట్స్, బిట్లు, ఇంపార్టెంట్ క్వశ్చన్ల మీద పెరిగి వచ్చారు. నోట్స్ చెప్పని మేడం వాళ్ల కంటికి పని ఎగ్గొట్టే మేడంలా కనబడుతుంది. ఇంట్లోవాళ్లు "నోట్స్ ఏదిరా" అని అడుగుతారు కూడా.

ఆడవాళ్ల విషయం కూడా ఒక్క మాట. 2015లో అమెరికాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు బోధకులు పేర్లు మార్చుకుని చెప్పారు. మగ పేరుతో కనబడినవాళ్లకు రేటింగ్ ఎక్కువ వచ్చింది, నిజంగా చెప్పినవాళ్లు ఎవరైనా సరే. నలభై చిల్లర మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనం, దాని మీద మీ 3.1ను మొత్తం నెట్టేయలేం. కానీ ప్రిన్సిపాల్ గారు లెక్చరర్లను ఒక్క అంకెతో వరుసలో నిలబెడుతున్నప్పుడు, ఆ అంకెలో ఇట్లాంటివి కూడా కలిసి ఉంటాయని తెలియాలి.

సరే, వచ్చే సెమిస్టర్ ఏం చేయాలి? నాలుగో వారమో ఐదో వారమో, క్లాసు ఆఖరి పది నిమిషాలు, తెల్ల కాగితం ముక్కలు పంచండి. పేరు వద్దు, రోల్ నంబర్ వద్దు, తెలుగులోనే రాయమనండి, ఈ ఒక్క మాట వల్ల మీకు వచ్చే జవాబులు పూర్తిగా మారిపోతాయి. మూడే అడగండి: ఈ నెలలో నీకు బాగా అర్థమైంది ఏంటి, ఎక్కడ ఆగిపోయావు, నేను ఒక్కటి మార్చగలిగితే ఏం మార్చాలి. కింద మూలన ఇంటర్‌లో ఏ గ్రూపో మాత్రం రాయమనండి. ఆ పది నిమిషాలు మీరు గదిలో ఉండకండి. వేరే డిపార్ట్‌మెంట్ లెక్చరర్ ఒకరిని సేకరించమనండి, మీరు వాళ్ల క్లాసుకు అదే సాయం చేయండి. మేడారం జాతర వచ్చే ఏడాదైతే ఆ వారం మాత్రం పెట్టుకోకండి, సగం క్లాసు ఉండదు.

కాగితాలు చదివాక అసలు పని ఉంది, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మర్నాడు క్లాసులో నిలబడి చెప్పాలి, "మీరు రాసినవి చదివాను, ఇవి మారుస్తున్నాను, ఇది మాత్రం మార్చను, ఎందుకంటే..." అని. ఉదాహరణకు "వేగం తగ్గించండి" అని ఇరవై మంది రాస్తే తగ్గించండి. "నోట్స్ చెప్పండి" అని ముప్పై మంది రాస్తే, చెప్పనని మొండిగా అనకండి, ప్రతి యూనిట్‌కు రెండు పేజీల సారాంశం జిరాక్స్ ఇస్తాను, క్లాసు టైం మాత్రం లెక్కలకే అని చెప్పండి. వాళ్ల భయం పరీక్ష గురించి, ఆ భయం న్యాయమైనదే. ఒక్కసారి తాము రాసిందానికి జవాబు వచ్చిందని పిల్లలు చూస్తే, ఆఖర్న వచ్చే ఆ పెద్ద ఫారం కూడా 24 మంది కాదు, చాలా ఎక్కువ మంది నింపుతారు.

ఇక ఆ 3కి 3 సంగతి. నాకు మీ 3.1 కంటే ఇదే ఎక్కువ ఆందోళన కలిగించింది. ఈ సీఓలు (ఒక్కో కోర్సు లక్ష్యాలు), పీఓలు (మొత్తం డిగ్రీ లక్ష్యాలు) మన దేశంలో ముందు ఇంజినీరింగ్ కాలేజీల్లో గట్టిగా పట్టాయి. 2014లో మనం వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందంలో) శాశ్వత సభ్యులమయ్యాక, ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ దీన్ని పట్టుబట్టి అమలు చేసింది, డిగ్రీ కాలేజీలకు న్యాక్ ద్వారా వచ్చింది. ఆలోచన మంచిదే. కోర్సు అయ్యాక పిల్లలకు ఏం చేయడం రావాలో ముందే రాసుకోండి, వచ్చిందో లేదో చూడండి, రాకపోతే మార్చండి. కానీ ఎంతమంది ఎంత మార్కు దాటితే "3" అనేది కాలేజీయే పెట్టుకుంటుంది. మీ షీట్ తెరిచి చూడండి, "40 శాతం మార్కులు దాటినవాళ్లు 60 శాతం మంది ఉంటే లెవెల్ 3" లాంటిది ఏదో ఉండి ఉంటుంది. పాస్ మార్కునే లక్ష్యంగా పెట్టుకుంటే ఏ సబ్జెక్టుకైనా 3 వస్తుంది. పైగా ప్రశ్నలు "కింది డేటాకు ప్రామాణిక విచలనం కనుక్కోండి" అనే రకం అయితే, సూత్రం బట్టీ పట్టినవాడికీ అర్థమైనవాడికీ ఒకే మార్కు వస్తుంది. షీట్‌లో బ్లూమ్స్ లెవెల్ (ప్రశ్నకు ఏ స్థాయి ఆలోచన కావాలో) అని ఒక కాలమ్ ఉంటుంది కదా, అందులో "విశ్లేషణ" అని రాసి ఉంటుంది, ప్రశ్నేమో బట్టీది. న్యాక్ బృందంలో వచ్చేవాళ్లు కూడా చదువు చెప్పినవాళ్లే, ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో పట్టుకుంటారు. నిజాయితీగా 1.8 చూపించి, ఎందుకు వచ్చింది, ఏం మార్చాం అని పక్కన రాస్తే అది ఎన్నో రెట్లు బలమైన కాగితం. హెచ్‌ఓడీ సార్‌కు ఈ మాట మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పండి.

పిల్లలు నేర్చుకున్నారో లేదో చూడటానికి మీకు షీట్ కంటే మంచి పనిముట్లు ఉన్నాయి. మొదటి వారం పది ప్రశ్నల చిన్న టెస్టు, మార్కులు లెక్కలోకి రావని చెప్పి పెట్టండి. ఆఖరి వారం అలాంటివే పది ప్రశ్నలు. ఎంత పెరిగింది అని కాకుండా, పెరగడానికి ఉన్న జాగాలో ఎంత పెరిగింది అని చూడండి. ఫిజిక్స్ టీచర్ రిచర్డ్ హేక్ 1998లో ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలను ఈ లెక్కతోనే పోల్చాడు. ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఆ పెరుగుదల సగటున 0.23, పిల్లలతో చేయించిన క్లాసుల్లో 0.48. మీ క్లాసులో ఎంఈసీ పిల్లలు 55 శాతంతో మొదలై 73కి చేరారనుకోండి, 45 జాగాలో 18 పెరిగారు, అంటే 0.4. సీఈసీ పిల్లలు 25తో మొదలై 40కి వస్తే, 75 జాగాలో 15, అంటే 0.2. పాస్ శాతంలో ఈ తేడా ఎప్పటికీ కనబడదు. ఇందులో కనబడితే, మీరు ఎవరి కోసం ఏం మార్చాలో తెలిసిపోతుంది. ఇంకా వీలైతే తర్వాతి సెమిస్టర్లో మీ సబ్జెక్టు మీద ఆధారపడే పేపర్ చెప్పే లెక్చరర్‌ను అడగండి, "మా పిల్లలు ఏది రాక ఆగిపోతున్నారు" అని. ఎంబీఏ కోసం ఐసెట్ రాసిన పాత విద్యార్థులను కూడా, అందులో స్టాటిస్టికల్ ఎబిలిటీ ఉంది కదా, మీరు చెప్పింది అక్కడ పనికొచ్చిందో లేదో వాళ్లు దాచుకోకుండా చెప్తారు.

బీఓఎస్‌కు వెళ్లేటప్పుడు సిలబస్ కాపీ తీసుకుని ఏ యూనిట్ కొట్టేయాలి అని మొదలుపెట్టొద్దు. తలకిందులుగా రండి. కోర్సు ముగిసిన రోజు ఈ పిల్లవాడు ఏం చేయగలగాలి? "స్టాటిస్టిక్స్ ప్రాథమిక భావనలు అర్థం చేసుకుంటారు" అనేది ఎవరూ కొలవలేని వాక్యం. "ఒక డేటా ఇస్తే దానికి సగటు సరిపోతుందా, మధ్యగతమా, బాహుళకమా ఎంచుకుని, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పగలడు" అన్నది కొలవగలిగిన వాక్యం. ఇట్లాంటివి నాలుగో ఐదో చాలు. తర్వాత ప్రతి దానికీ ఒక ప్రశ్న రాయండి, ఇది చేస్తే వచ్చినట్టే అని మీకు నమ్మకం కలిగే ప్రశ్న. ఆ తర్వాతే యూనిట్లు, గంటలు.

ఉదాహరణకు మన ఎనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్లో మార్కెట్ల వారీగా పత్తికి, మిర్చికి కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ (modal) ధర పెడతారు. ఆ మోడల్ ధర మీ సిలబస్‌లోని బాహుళకమే. సగటు ధర కాకుండా అది ఎందుకు ఇస్తారు? గరిష్ఠ ధర ఒక్క లాట్‌కు వచ్చినా పేపర్లో హెడ్డింగ్ అదే ఎందుకు అవుతుంది, రైతు ఇంటికి తీసుకెళ్లిన డబ్బు దానికెంత దూరం? మీ క్లాసులో సగం మంది ఇళ్లల్లో పత్తి ఉంటుంది, అక్టోబర్ నుంచి మార్కెట్‌కు తోలతారు, వాళ్ల నాన్న ఏ ధరకు అమ్మాడో వాళ్లకు తెలుసు. సిగ్మా చూసి బెదిరిపోయే పిల్లవాడు ఇక్కడ బెదరడు, పైగా ఎంఈసీ పిల్లవాడికి తెలియంది వీడికి తెలిసి ఉంటుంది. ఒక నెల ధరలు తీసుకుని పట్టిక, గ్రాఫ్, మూడు కేంద్రీయ కొలతలు, విచలనం, ఒక పేజీ వ్యాఖ్యానం. ఇంటర్నల్ అసైన్‌మెంట్‌గా దీన్ని పెట్టండి, ప్రతి జట్టుకు వేరే నెల ఇస్తే కాపీ కొట్టడానికి వీలుండదు.

బీఓఎస్‌లో మీరు అడగాల్సినవి నా లెక్కలో రెండే. మొదటిది, లెక్కల పునాది లేనివాళ్ల కోసం మొదటి రెండు వారాలు బ్రిడ్జ్ గంటలు టైంటేబుల్లోనే పెట్టించండి, సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసుగా కాదు, బస్సు పిల్లలు ఆగలేరు. రెండోది, ప్రశ్నపత్రంలో కనీసం ఒక ప్రశ్న "ఎంచుకుని, ఎందుకో చెప్పండి" రకంగా ఉండాలని బ్లూప్రింట్‌లో రాయించండి. పరీక్ష మారకుండా బోధన మార్చితే పిల్లలు మీ మాట నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు. అటానమస్ కాలేజీల బీఓఎస్‌లో యూనివర్సిటీ నామినీ, బయటి సబ్జెక్టు నిపుణులు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు కూర్చుంటారు. సాధారణంగా ఆ పూర్వ విద్యార్థి టీ తాగి సంతకం పెట్టి వెళ్తారు. ముందే ఫోన్ చేసి మాట్లాడండి, ఉద్యోగంలో ఏం అవసరమైందో వాళ్లనే మీటింగ్‌లో చెప్పమనండి. లెక్చరర్ చెప్తే కోరిక, పూర్వ విద్యార్థి చెప్తే అనుభవం.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు మళ్లీ వెళ్లండి, పిలిచేదాకా ఆగకండి. ఒక్క పేజీ చాలు. మీ మార్కుల పంపిణీ, ఎంతమంది నింపలేదు, గ్రూపుల వారీగా ఇంటర్నల్ మార్కులు, వచ్చే సెమిస్టర్ మీరు చేయబోయేవి. న్యాక్‌కు కూడా కావాల్సింది ఇదే, ఫీడ్‌బ్యాక్ తీసుకున్నాం అనే కాగితం మాత్రమే కాదు, దాన్ని విశ్లేషించి ఏం చర్య తీసుకున్నామో. మీ కాగితం ఆ ఫైల్లో పనికొచ్చేదిగా ఉంటుంది, ఆయనకు ఆ మాట చెప్పండి కూడా.

డిక్టేషన్ సంగతి. మీ సహోద్యోగి సార్‌ను తక్కువ చేయొద్దు. ఇంగ్లిష్ పుస్తకం చదవలేని పిల్లవాడికి చేతిలో ఒక నోట్స్ ఉండటం ఎంత ధైర్యమో ఆయనకు తెలుసు, ఆ 4.6లో ఆ కృతజ్ఞత కూడా ఉంది. ఆయన నోట్స్ చూడమని అడగండి, బాగుంటే మీ రెండు పేజీల సారాంశాలకు అదే ఆధారంగా వాడుకోండి, ఆయన పేరు పైన పెట్టి. మీ క్లాసు గంట మాత్రం నోట్స్‌కు ఇవ్వకండి. ఈ సెలవుల్లో మొదటి యూనిట్ సారాంశం, మొదటి వారం టెస్టు పది ప్రశ్నలు రాసి పెట్టుకోండి. ఆ ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన ఉండనివ్వండి, లేకపోతే మీరు కొలిచేది వాళ్ల లెక్కలను కాదు, వాళ్ల ఇంగ్లిష్‌ను అవుతుంది.